బడి ఆటల పెత్తనానికి జవాబుదారీ ఏది?

కబడ్డీ జట్టంటే పన్నెండు మంది. ఉమ్మడి తూర్పుగోదావరి జిల్లా అండర్-17 జట్టు కట్టాలంటే రాజమహేంద్రవరం మున్సిపల్ పాఠశాలల పిల్లలు, కోనసీమ లంక గ్రామాల పిల్లలు, రంపచోడవరం, చింతూరు మన్యం పిల్లలు ఒకే మైదానానికి రావాలి. ఒక్క రోజు ఆటలో పన్నెండు పేర్లు కాగితం మీదికెక్కుతాయి, మిగిలినవాళ్లు సాయంత్రం బస్సెక్కుతారు. (2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడిపోయినా బడి ఆటల వార్తల్లో ‘ఉమ్మడి జిల్లా జట్టు’ అన్న మాట ఇంకా పోలేదు.) ఆ పేర్లు రాసే అధికారం స్కూల్ గేమ్స్ ఫెడరేషన్‌ది. 1954లో ఏర్పడిన జాతీయ సమాఖ్యకు రాష్ట్ర స్థాయి రూపం ఇది. అండర్-14, 17, 19 విభాగాల్లో మండలం నుంచి జాతీయ పోటీల దాకా మెట్లన్నీ దీని చేతుల్లోనే ఉన్నాయి. ఇంత అధికారమున్న సంస్థ ఎవరికి జవాబు చెప్పాలన్న ప్రశ్న మాత్రం మన దగ్గర సరిగా చర్చకే రాలేదు.

పోలికకు అమెరికాను చూద్దాం. అక్కడ ప్రతి రాష్ట్రానికీ హైస్కూల్ క్రీడల సంఘం ఉంది. ఇల్లినాయ్‌లో అది 1900లోనే పుట్టింది. అక్కడ రాష్ట్ర టైటిల్ కోసం ఆడేది బడి జట్టే. గెలిచిన బడి పైమెట్టుకు వెళ్తుంది, ఓడిన బడి ఇంటికెళ్తుంది. సంఘం చూసేది ప్రధానంగా అర్హతలు, బదిలీలు, నిబంధనల ఉల్లంఘనలు. మన పద్ధతి వేరు. టీమ్ ఆటల్లో రాష్ట్ర పోటీకి వెళ్లేది బడి జట్టు కాదు, వేర్వేరు బడుల నుంచి ఏరి కూర్చిన జిల్లా జట్టు. జాతీయ పోటీకి వెళ్లేదీ అలాగే ఏరిన రాష్ట్ర జట్టే. అంటే స్కోరుబోర్డు తేల్చాల్సిన విషయాన్ని మన దగ్గర సెలక్టర్ల అభిప్రాయం తేలుస్తోంది. వంద మీటర్ల పరుగులో గడియారం సాక్ష్యం చెబుతుంది. కబడ్డీలో, ఖోఖోలో, వాలీబాల్‌లో ఆ సాక్ష్యం ఉండదు. కాబట్టి మన ఫెడరేషన్ చేసే పనుల్లో అసలు బరువైనది పోటీల నిర్వహణ కంటే ఎంపికే. సంస్కరణ గురించి మాట్లాడేవాళ్లు మైదానాల దగ్గర, నిధుల దగ్గర ఆగిపోయి దీన్ని వదిలేస్తున్నారు.

ఆ ఎంపిక విలువ ఆటతో ముగిసిపోతే ఇంత పట్టుబట్టక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల స్పోర్ట్స్ కోటా నిబంధనల్లో ‘ఫారం-4’ అని ఒక ధ్రువపత్రం ఉంది. రాష్ట్ర పాఠశాలల జట్టు తరఫున జాతీయ స్కూల్ గేమ్స్‌లో ఆడినవారికి ఇచ్చేది అది. దాని మీద సంతకం విద్యాశాఖ డైరెక్టరేట్ అధికారిది. పేరు రాసింది ఫెడరేషన్, ముద్ర వేసింది ప్రభుత్వం. ఆంధ్రప్రదేశ్ 2024 నాటి క్రీడా విధానంతో ఉద్యోగాల్లో క్రీడాకారుల కోటాను 2 నుంచి 3 శాతానికి పెంచింది. 2025 మెగా డీఎస్సీ ఉపాధ్యాయ నియామకాల్లో ఆ కోటాకు 421 పోస్టులు కేటాయించి, రాత పరీక్ష లేకుండా క్రీడార్హతల ఆధారంగా భర్తీకి పూనుకుంది. మంచిదే. అయితే ధ్రువపత్రానికి విలువ పెరిగేకొద్దీ దాన్ని పుట్టించే మొదటి మెట్టు మీద ఒత్తిడీ పెరుగుతుంది. ఉద్యోగ పరీక్షలకు ‘కీ’ విడుదల చేసి, అభ్యంతరాలు స్వీకరించి, ఆ తర్వాతే ఫలితాలిచ్చే రాష్ట్రంలో, ఉద్యోగానికి దారి తీసే జిల్లా జట్టు ఎంపికకు కనీసం కారణాలు రాసిన కాగితమైనా ఉండాలి కదా!

ఫెడరేషన్ ప్రైవేటు సొసైటీ అని, దాని లోపలి వ్యవహారాలు దానివేనని వాదించేవాళ్లు ఉంటారు. ఇదే వాదన 2001లో అమెరికా సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. టెనెసీ రాష్ట్ర హైస్కూల్ క్రీడల సంఘం తనపై విధించిన ఆంక్షలను బ్రెంట్‌వుడ్ అకాడమీ అనే బడి సవాలు చేసింది. సభ్యుల్లో 84 శాతం ప్రభుత్వ బడులే, సంఘం ఉద్యోగులకు రాష్ట్ర ప్రభుత్వ పింఛను వ్యవస్థలో చోటుంది, ఇంతగా ప్రభుత్వంతో పెనవేసుకున్నాక రాజ్యాంగ బాధ్యతల నుంచి తప్పించుకోలేరని కోర్టు 5-4 మెజారిటీతో తేల్చింది. మన సుప్రీంకోర్టు 2005లో జీ టెలిఫిల్మ్స్ కేసులో బీసీసీఐని ‘రాజ్యం’గా ఒప్పుకోలేదు. అయినా అది ప్రజా విధులు నిర్వర్తిస్తోంది కాబట్టి రాజ్యాంగం 226 అధికరణం కింద హైకోర్టును ఆశ్రయించవచ్చని చెప్పింది. ప్రభుత్వ జీతం తీసుకునే వ్యాయామ ఉపాధ్యాయులతో, ప్రభుత్వ బడుల పిల్లలతో, ప్రభుత్వ మైదానాల్లో నడిచే స్కూల్ గేమ్స్‌కు బీసీసీఐ కన్నా తక్కువ బాధ్యత ఉందనడం నిలబడే మాట కాదు.

చిక్కు వ్యక్తుల నిజాయితీలో ఉందని అనడం లేదు, అమరికలోనే ఉంది. సెలక్టరుగా కూర్చునేది ఏదో ఒక బడి వ్యాయామ ఉపాధ్యాయుడే (పీఈటీ). ఎదుట ఆడుతున్నవాళ్లలో ఆయన విద్యార్థి ఉండవచ్చు. వయసుకు చూపే ఆధారాల్లో బడి అడ్మిషన్ రిజిస్టరు ఒకటి. గెలుపు మీద ఆశ ఉన్న బడే పుట్టిన తేదీకీ పూచీ పడుతోంది. వయసు మోసాలను అరికట్టడానికి కేంద్రం 2010లోనే జాతీయ నియమావళి తెచ్చింది, అయినా ఈ వైరుధ్యం అలాగే ఉంది. ఇక సమాచారం సంగతి. సెలక్షన్స్ కబురు పిల్లలకు చేరాలంటే మధ్యలో పీఈటీ ఉండాలి. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలంది. 6 నుంచి 8 తరగతుల్లో వంద మంది దాటిన చోట వ్యాయామ విద్యకు పార్ట్‌టైమ్ బోధకుడు ఉండాలంది. అంతకు తక్కువ మంది ఉన్న ఏజెన్సీ బడికి ఆ హామీ కూడా లేదు. ఆ బడి పిల్లకు కబురే అందకపోతే న్యాయమైన ఎంపిక ఎవరి కోసం?

నిబంధనలు పెంచితే అదనపు జీతం లేకుండా భారం మోస్తున్న మాస్టార్లు వెనక్కి తగ్గుతారన్న అభ్యంతరంలో నిజముంది. అందుకే ఎంపికలకు వచ్చే ఉపాధ్యాయులకు ఆన్‌డ్యూటీ, ప్రయాణ భత్యం ఖాయం చేయాలి. తన బడి పిల్లలు పోటీలో ఉన్న రోజు పక్కకు తప్పుకునే నియమం, ఆటవారీ మార్కుల పట్టిక అదే సాయంత్రం నోటీసు బోర్డు మీద పెట్టే నియమం మాస్టార్లకే రక్షణ. అడ్డగోలు సిఫార్సు వచ్చినప్పుడు చూపడానికి వాళ్ల చేతిలో ఒక కాగితం ఉంటుంది. అప్పీళ్లకు వీలిస్తే ప్రతి ఎంపికా కోర్టుకెక్కి పోటీలు ఆగిపోతాయన్నది రెండో భయం. వినే నాథుడు లేనప్పుడే కోర్టు గడప తొక్కాల్సి వస్తుంది. జిల్లా విద్యాధికారి (డీఈఓ) ఆధ్వర్యంలో, ఫెడరేషన్‌తో సంబంధం లేని ఒకరితో సహా ముగ్గురు సభ్యుల కమిటీ రెండు రోజుల్లో తేల్చేస్తే తగాదాలు చాలావరకు జిల్లాలోనే ముగుస్తాయి.

ప్రతిభ ఉన్నవాడు ఎలాగైనా పైకొస్తాడన్న వాదన వినసొంపుగా ఉంటుంది. అమలాపురం కుర్రాడు సాత్విక్ సాయిరాజ్ 2023లో జరిగిన ఆసియా క్రీడల్లో చిరాగ్ శెట్టితో కలిసి బ్యాడ్మింటన్ డబుల్స్ స్వర్ణం గెలిచాడు. అతని తండ్రి స్వయంగా బ్యాడ్మింటన్ ఆడినవారు, వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసినవారు. పద్నాలుగేళ్ల ప్రాయంలోనే సాత్విక్ గోపీచంద్ అకాడమీకి చేరాడు. ఇంట్లో దారి చూపేవారు లేని పిల్లలకు, అకాడమీల ఊసే లేని ఆటలకు మిగిలిన నిచ్చెన స్కూల్ గేమ్స్ ఒక్కటే. కేంద్ర ప్రభుత్వ ఖేలో ఇండియా పోటీలు సైతం 2018లో స్కూల్ గేమ్స్ పేరుతోనే మొదలై, మరుసటి ఏడాదే యూత్ గేమ్స్‌గా మారి బడి పేరును వదిలేశాయి.

వచ్చే సీజన్ సెలక్షన్స్ మొదలయ్యేలోపే పాఠశాల విద్యాశాఖ ఫెడరేషన్ నియమావళిని, ఆటవారీ ఎంపిక ప్రమాణాలను, జమాఖర్చులను తెలుగులో ప్రకటించాలి. అప్పీలు కమిటీ లేకుండా, మార్కుల పట్టిక లేకుండా ఎంపికైన జట్ల ధ్రువపత్రాల మీద ప్రభుత్వం తన ముద్ర వేయకూడదు.