ఫోను చూపించిన మాట, మీరు చెప్పదలచిన మాట ఒకటేనా?



మొన్న మన గ్రూపుకు ఒక తమ్ముడి మెసేజ్ వచ్చింది. "మూడు నెలల నుంచి జీతం వచ్చింది, సాయం చేయండి" అని. మాకు అర్థం కాక ఫోన్ చేసి అడిగాం. రాలేదు అని రాయబోయాడట. "జీతం" అని కొట్టగానే కీబోర్డు పైన "వచ్చింది" అని కనబడింది, డ్యూటీ బస్సు తొందరలో దాన్నే నొక్కేశాడు.

ఫోనుకు మన కష్టం తెలియదు కదా. మనం కొట్టిన అక్షరాలు, దాని ముందున్న మాట, ఇదివరకు మనం ఎక్కువసార్లు రాసిన మాటలు చూసి, తర్వాతి మాట ఊహిస్తుంది. ఆ తమ్ముడు రెండేళ్లు నెలనెలా ఇంటికి "జీతం వచ్చింది, పంపుతున్న" అని రాసినోడే. ఫోను అదే నేర్చుకుంది.

అట్లని ఇది వాడొద్దని చెప్పడం లేదు. బటన్ ఫోన్లలో 'సి' అక్షరం కోసం 2 నంబరు మూడుసార్లు నొక్కిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఇప్పుడు జీబోర్డులో తెలుగు పెట్టుకుంటే ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టినా తెలుగు మాటలు పైన వస్తాయి. ఒత్తులు, దీర్ఘాలు రావని సిగ్గుపడి రాయడమే మానేసినోళ్లు మనలో ఎంతమందో! వాళ్లకు ఇది పెద్ద ఆసరా. వాయిస్ పెడుతున్నారు, మంచిదే. కానీ ఐదు నిమిషాల వాయిస్‌లో ఒక్క తేదీ కోసం మొత్తం మళ్లీ వినాలి. టైపింగ్ సెంటర్‌కు పోయినా, మీ మాటల్లో రాసిన కాగితమో మెసేజో చేతిలో ఉంటే అక్కడాయన సొంతంగా ఊహించి కొట్టడు.

కంప్లైంట్ రాసేటప్పుడు మాత్రం ప్రతి వాక్యం చివర ఆగండి. మన తెలుగులో లేదు, కాదు అనే సంగతి చివర్లోనే ఉంటుంది. "ఇచ్చాడు"కు, "ఇవ్వలేదు"కు మధ్య ఒక్క వేలి దూరం. కంపెనీ పేరు, కఫీల్ పేరు దగ్గర ఫోను తనకు తెలిసిన ఇంకేదో మాట పెట్టేస్తుంది. ఇఖామా, కాంట్రాక్టు ముందు పెట్టుకుని చూసి రాయండి. జీతం ఎంతో అంకెల్లో కొట్టండి.

రూములో నలుగురూ ఒకే ఫోను వాడుతుంటే, మీరు రాసిన మాటలు పక్కనోళ్లు టైప్ చేసేటప్పుడు కూడా పైన కనబడొచ్చు. జీబోర్డు సెట్టింగ్స్‌లో నేర్చుకున్న మాటలు తుడిచేసే వీలుంది.

ఎంబసీకి పంపే ముందు ఒకసారి మన గ్రూపులో ఎవరికైనా పర్సనల్‌గా పెట్టండి, చదివి చెబుతాం. శుక్రవారం సాయంత్రం అయితే అందరం ఖాళీగానే ఉంటాం.