మాంసంలో తెల్లని మచ్చలు

ఉత్తర అమెరికా పడమటి కొండలలో పెద్దకొమ్ముల అడవి గొర్రెలున్నవి. వాటి కండను కోసినప్పుడు తెల్లని మచ్చ కనబడితే, తినవచ్చునా అని వేటగాడు సందేహించును. మన ఇంట మేకమాంసం కోయునప్పుడును ఆ సందేహం రావచ్చును గనుక గుర్తులు చెప్పుచున్నాము.

మచ్చ నీటిబుడగ వలె ఉండి లోపల తెల్లని చుక్క ఉన్నచో, అది బద్దెపురుగు పిల్ల. ఇది గుండెలోను కండలలోను ఉండి, కుక్క పేగులకు చేరి పెద్దదగును.

నీరు లేక వరిగింజ వలె ఉన్నచో సార్కోసిస్టిస్ అనే ఏకకణజీవి తిత్తి కావచ్చును. దీనిని 1843లో మీషర్ ఎలుక కండలో చూచినాడు. కుక్క, పిల్లి వంటి జంతువుల పేగులలో దీని జీవితం పూర్తియగునని 1972లో గాని తేలలేదు. గొర్రె, మేకలలో వీని తిత్తులు అనేకం కంటికి కనబడవు. సూక్ష్మదర్శినిలో తిత్తి గోడను, అవసరమైతే డి.ఎన్.ఏ.ను పరీక్షించి జాతిని నిర్ణయింతురు.

గొర్రె, మేకల నుండి ఈ రెండూ మనకు సోకవు. ఐనను మచ్చలు విస్తారమైతే మాంసం వాడక పశువైద్యునికి చూపవలెను.

అసలు భయపడవలసినది కనబడని టాక్సోప్లాస్మాకు. గర్భిణికి అది కొత్తగా సోకినచో కడుపులోని శిశువుకు హాని కలుగవచ్చును. కనుక మచ్చ లేని మాంసమైనను లోపలి దాకా బాగా ఉడికించుడు. పచ్చిమాంసం తాకిన చేతులు, కత్తి, పీట కడుగుడు. పచ్చిముక్కలు మాత్రం కుక్కకు గాని పిల్లికి గాని వేయకుడు. వేసినచో పురుగును మరల మందలోనికి పంపినట్లే.