ఆడని నెలలు

ఆదివారం వచ్చిందంటే మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల కాస్త జాగా ఉన్న ప్రతిచోటా వికెట్లు లేస్తాయి. నాగపూర్ రోడ్డు పక్కన, ఔటర్ దిగిన చోట, ప్లాట్లు చేసి ఇంకా ఇళ్లు కట్టని వెంచర్లలో టెన్నిస్ బాల్ మ్యాచులు సాగుతుంటాయి. గట్టి మొరం నేల మీద డైవ్ చేసిన కుర్రాడికి మోచేయి చీరుకుపోతుంది. రెండో పరుగుకు తిరగబోతే మోకాలు మెలిక పడుతుంది. స్ప్రే కొట్టించుకుని, క్రేప్ బ్యాండేజి చుట్టుకుని మళ్లీ క్రీజులోకి వస్తే అందరూ చప్పట్లు కొడతారు. ఇంట్లో మాత్రం చెప్పడు. చెబితే వచ్చే వారం పంపరు.

ఇక్కడికి దగ్గర్లోనే, రాజీవ్ రహదారి మీద, హకీంపేట క్రీడా పాఠశాల ఉంది. ఊళ్ల నుంచి ఎంపికై వచ్చిన పిల్లలు అక్కడే ఉండి చదువుకుంటూ ఆట నేర్చుకుంటారు. ఆటనే నమ్ముకున్న పిల్లవాడికి కాలి నొప్పికన్నా, పక్కవాడు తనను దాటిపోతాడేమోనన్న దిగులే ఎక్కువ బాధ పెడుతుంది.

పెద్ద ఆటగాళ్లకూ ఆ దిగులు తప్పదు. మన కాకినాడ బిడ్డ హనుమ విహారి కథే చూడండి. 2021 జనవరి, సిడ్నీ టెస్టు ఆఖరి రోజు. మన జట్టు ముందున్న లక్ష్యం 407 పరుగులు. త్వరగా ఒక పరుగు తీయబోయి విహారి తొడ కండరం చీలింది. పరుగెత్తలేని కాలితో 161 బంతులు ఆడి 23 పరుగులతో నాటౌట్‌గా నిలిచాడు. అవతల నడుం నొప్పితో అశ్విన్. ఇద్దరూ కలిసి మ్యాచ్‌ను డ్రా చేశారు. ఆ వెంటనే బ్రిస్బేన్‌లో మన జట్టు చరిత్ర సృష్టించిన రోజున విహారి మైదానంలో లేడు. మళ్లీ టెస్టు ఆడింది దాదాపు ఏడాది తర్వాత, జొహన్నెస్‌బర్గ్‌లో. అతని టెస్టులు 16 దగ్గరే ఆగాయి. పరుగులు 839.

ఆ 23 పరుగులను మనం ఇప్పటికీ తలుచుకుంటాం, తలుచుకోవాలి కూడా. అలాగే 2023లో ఇండోర్ రంజీ క్వార్టర్‌ఫైనల్లో ఆవేశ్‌ఖాన్ బౌన్సర్‌కు ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగితే, ఆ చేతికి మళ్లీ బంతి తగలకుండా ఎడమచేతి వాటంగా నిలబడి బ్యాటింగ్ చేశాడు. రెండు ఇన్నింగ్సుల్లోనూ! చూసినవాళ్ల కళ్లు చెమర్చాయి. కానీ సిడ్నీ తర్వాత అతను ఆడలేకపోయిన నెలల గురించి ఎవరు మాట్లాడుకున్నారు? కండరం అతుక్కునేదాకా ఓపిక పట్టడం, రోజూ కొంచెం కొంచెంగా బరువు మోపడం, జట్టు గెలుస్తుంటే టీవీలో చూడడం... ఆ ధైర్యానికి స్కోరుబోర్డులో గడి లేదు.

ఆడని రోజుల లెక్క వేరే ఆటల్లోనూ ఉంది. అమెరికా బేస్‌బాల్‌లో కెన్ గ్రిఫీ జూనియర్ అనే గొప్ప హిట్టర్ ఉండేవాడు. 30 ఏళ్లకే 398 హోమ్ రన్లు. రికార్డులన్నీ అతనివే అనుకున్నారు. సిన్సినాటి జట్టుకు వెళ్లాక తొడ కండరం, మోకాలు, భుజం, చీలమండ ఒకదాని తర్వాత ఒకటి దెబ్బతిన్నాయి. 2003లో 53 ఆటలే ఆడగలిగాడు. అయినా 630 దగ్గర ముగించి, 2016లో 99.3 శాతం ఓట్లతో హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరాడు. అభిమానులు ఇప్పటికీ ‘దెబ్బలు తగలకపోయి ఉంటే’ అని లెక్కలు వేస్తూనే ఉంటారు. ప్రేమకొద్దీ వేసేవే అయినా, ఆ లెక్కల్లో ఒక అన్యాయం ఉంది. కొట్టని బంతులను లెక్కిస్తూ పోతే, అన్ని శస్త్రచికిత్సలు దాటుకుని వచ్చి కొట్టినవి చిన్నవైపోతాయి.

మన లక్ష్మణ్ సంగతి నాకు మరీ ఇష్టం. 2010 అక్టోబరు, మొహాలీ. ఆస్ట్రేలియా మీద 216 లక్ష్యం, 124కే ఎనిమిది వికెట్లు పోయాయి. నడుం పట్టేసి, రైనాను రన్నర్‌గా పెట్టుకుని, ఇషాంత్‌ను వెంటబెట్టుకుని 73 నాటౌట్‌తో ఒక్క వికెట్ తేడాతో గెలిపించాడు. ఇది అందరికీ తెలుసు. నాలుగు రోజుల్లో మొదలైన బెంగళూరు టెస్టులో లక్ష్మణ్ ఆడలేదని తక్కువమందికి గుర్తుంటుంది. ఆ మ్యాచ్‌లోనే పుజారా టెస్టుల్లో అడుగుపెట్టి 72 కొట్టాడు. కొత్త కుర్రాడు బాగా ఆడాడు కదా అని పాత చోటు పోలేదు. డిసెంబరులో డర్బన్‌లో జట్టును గెలిపించిన 96 లక్ష్మణ్‌దే. మొహాలీ ఎంత గొప్పదో, ఆ బెంగళూరు విశ్రాంతి కూడా నా దృష్టిలో అంత విలువైనది.

ఇక మన మైదానాల్లో ఆడే పిల్లల సంగతి. 14, 15 ఏళ్ల పిల్లల్లో ఎముకల చివర్లు ఇంకా పెరుగుతూ ఉంటాయి. అక్కడ దెబ్బ తగిలితే పెరుగుదలే దెబ్బతినవచ్చు. సగం మానిన కండరంతో పరుగెత్తితే అదే చోట మళ్లీ చీలే ప్రమాదం ఎక్కువ. ‘ఏం కాదు, లేచి ఆడు’ అనే ముందు కోచ్‌లు, అమ్మానాన్నలు, జట్టు పెట్టిన అన్నలు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. నొప్పి చెప్పిన పిల్లవాణ్ని పిరికివాడనకండి. డాక్టరుకు చూపించండి, ఆడొద్దన్నన్ని రోజులు కూర్చోబెట్టండి. నీ చోటు నీకు ఉంటుందని చెప్పండి, చెప్పాక ఆ చోటు ఉంచండి.