అమెరికా సంబంధం: అబ్బాయి జీతం సరే.. స్టేటస్ ఏంటి? మార్కాపురం నుంచి ఇమిగ్రేషన్ కౌంటర్ దాకా మారిన లెక్కలివే!

"అబ్బాయి అమెరికాలో ఉంటాడు." ఈ ఒక్క మాటతో సగం సంబంధం ఖాయమైపోయే రోజులు పడమటి ప్రకాశంలో ఇంకా పోలేదు. మార్కాపురం, గిద్దలూరు, కంభం, యర్రగొండపాలెం.. వానల మీద, బోర్ల మీద బతికే ప్రాంతం ఇది. ఇక్కడి పలకరాయి ఎప్పుడో సముద్రాలు దాటింది. ఆ తర్వాత బీటెక్ చదివిన పిల్లలు దాటారు. ఇప్పుడు పెళ్లి చేసుకుని కోడళ్లు, అల్లుళ్లు దాటుతున్నారు. ఆ సంబంధం కోసం పొలం అమ్మే ఇళ్లూ ఉన్నాయి.

అయితే పెళ్లి అయిపోయినంత మాత్రాన ప్రయాణం ఖాయం కాదు. వీసా ఇచ్చేది ఒకరు, దేశంలోకి రానిచ్చేది ఇంకొకరు, అక్కడ ఉండనిచ్చేది మరొకరు. ఈ ముగ్గురిలో ఎవరికీ మన పెళ్లి పత్రికతో పని లేదు. 2025లో వరుసగా వచ్చిన మార్పులతో ఈ తేడా ఇంకా పెరిగింది. అసలు ఏం మారింది? పెళ్లికి ముందే ఏం తెలుసుకోవాలి? చూద్దాం.

ఏడాదిలో ఏం మారింది?

2025 ఆగస్టు 1 నుంచి పెళ్లి ఆధారంగా వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్లపై అమెరికా ఇమిగ్రేషన్ విభాగం పరిశీలన పెంచింది. పిటిషన్ వేసినంత మాత్రాన అక్కడ ఉండే హక్కు రాదని, స్టేటస్ లేనివాళ్లపై బహిష్కరణ కేసు కూడా మొదలుపెట్టొచ్చని స్పష్టం చేసింది.

సెప్టెంబర్ 2 నుంచి ఇంటర్వ్యూ మినహాయింపులు చాలావరకు పోయాయి. అంతకుముందు డ్రాప్‌బాక్స్‌లో పని అయిపోయేవాళ్లు కూడా ఇప్పుడు కాన్సులేట్‌కు స్వయంగా వెళ్లాల్సిందే. అదే నెల 21 నుంచి విదేశాల్లో ఉన్నవారి కోసం వేసే కొత్త హెచ్-1బీ పిటిషన్లకు లక్ష డాలర్ల ఫీజు అమల్లోకి వచ్చింది. ఇది భార్యలకు వేసే ఫీజు కాదు. కానీ ఇక్కడి నుంచి వెళ్లాల్సిన అబ్బాయిలకే దారి ఇరుకైతే, ఆ దారిలో వెళ్లాల్సిన అమ్మాయి సంగతి చెప్పక్కర్లేదు కదా.

డిసెంబర్ 15 నుంచి హెచ్-1బీతో పాటు హెచ్-4, అంటే భార్య లేదా భర్తకు ఇచ్చే డిపెండెంట్ వీసాకు కూడా సోషల్ మీడియా తనిఖీ తప్పనిసరి చేశారు. అకౌంట్లన్నీ 'పబ్లిక్'లో పెట్టమన్నారు. ఒక్కో కేసుకు టైం పెరగడంతో డిసెంబర్‌లో ఉన్న అపాయింట్‌మెంట్లు 2026 మార్చికి, కొన్నైతే ఇంకా ముందుకు వెళ్లిపోయాయి. స్టాంపింగ్ కోసం, పెళ్లి కోసం ఇండియా వచ్చినవాళ్లు ఇక్కడే ఆగిపోయారు. కొన్ని జంటల్లో ఒకరు ఇక్కడ, ఒకరు అక్కడ.

'అమెరికా సంబంధం' ఒకటి కాదు, మూడు

పెళ్లిచూపుల్లో జీతం అడుగుతాం, కంపెనీ అడుగుతాం, ఇల్లు కొన్నాడా అని అడుగుతాం. స్టేటస్ మాత్రం మొహమాటంతో వదిలేస్తాం. నిజానికి అమ్మాయి జీవితాన్ని నిర్ణయించేది అదే.

అబ్బాయి అమెరికా పౌరుడైతే: భార్యకు వీసాల కోటా పరిమితి లేదు. అయినా పిటిషన్ ఆమోదం, పత్రాలు, మెడికల్, ఇంటర్వ్యూ అన్నీ అయ్యేసరికి సాధారణంగా ఏడాది పైనే పడుతుంది. భార్యను పోషించగలనని భర్త చట్టపరంగా హామీ ఇవ్వాలి. అక్కడి పేదరిక రేఖకు 125 శాతం ఆదాయం చూపించాలి. అమెరికాలో అడుగుపెట్టే నాటికి పెళ్లయి రెండేళ్లు నిండకపోతే వచ్చేది రెండేళ్ల షరతుల గ్రీన్ కార్డ్. అది ముగిసే ముందు 90 రోజుల్లో, కాపురం నిజమేనని మళ్లీ నిరూపించుకోవాలి.

గ్రీన్ కార్డ్ ఉన్నవాడైతే: భార్యకు కోటా ఉంటుంది. క్యూలో నిలబడాలి. ఆ నిరీక్షణ నెలల్లో కాదు, ఏళ్లలో ఉంటుంది. ఈలోగా విజిటర్ వీసా మీద వెళ్లొద్దామంటే, తిరిగి రారేమో అన్న అనుమానంతో తిరస్కరించే అవకాశమే ఎక్కువ.

హెచ్-1బీ అయితే: హెచ్-4 మిగతా రెండింటి కంటే త్వరగా రావచ్చు. మన దగ్గర ఎక్కువ సంబంధాలు ఇవే. కానీ అది భర్త ఉద్యోగానికి కట్టిన తాడు. ఆయన ఉద్యోగం పోతే గరిష్ఠంగా 60 రోజుల గడువు. అది ఇద్దరికీ కలిపి. విడాకులైతే హెచ్-4 స్టేటస్ అక్కడితో సరి.

వేరే దేశాల సంబంధాల్లోనూ లెక్కలు మారుతున్నాయి. బ్రిటన్‌లో స్థిరపడిన భాగస్వామి దగ్గరికి వెళ్లే స్పౌజ్ వీసాకు ఒకప్పుడు ఏడాదికి 18,600 పౌండ్ల ఆదాయం చూపిస్తే సరిపోయేది. 2024 ఏప్రిల్ 11 నుంచి అది 29,000 పౌండ్లు అయింది.

మొదటి పరీక్ష మన ఊళ్లోనే

హెచ్-4 ఇంటర్వ్యూకు మనవాళ్లు వెళ్లేది హైదరాబాద్. కాన్సులేట్ 2023 మార్చిలో బేగంపేట పైగా ప్యాలెస్ నుంచి నానక్‌రామ్‌గూడకు మారింది. అదే అమెరికా పౌరుడిని చేసుకుని శాశ్వతంగా వెళ్లే ఇమిగ్రెంట్ వీసా అయితే ప్రధానంగా ముంబయి వెళ్లాలి. గిద్దలూరులో రైలెక్కే అమ్మాయికి ఈ రెండూ వేరు వేరు ప్రయాణాలు.

అసలు చిక్కులు మాత్రం అంతకు ముందే, మన ఊరి కాగితాల్లోనే మొదలవుతాయి.

ఒకటి, ఇంటిపేరు. టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది. ఆధార్‌లో పూర్తిగా ఉంటుంది. పాస్‌పోర్టులో పేరంతా ఒకే గడిలో పడిపోయి రెండోది ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు అమెరికా వీసా మీద 'పేరు తెలియదు' అని అర్థం వచ్చే మూడు అక్షరాలు పడతాయి. ఆ తర్వాత బ్యాంకు ఖాతా దగ్గర్నుంచి లైసెన్సు దాకా తిప్పలే. పెళ్లయ్యాక హడావిడిగా భర్త ఇంటిపేరు మార్చుకోవడం ఇంకో తప్పు. పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోవాలని మన చట్టంలో లేదు. వీసాకూ ఆ షరతు లేదు.

రెండు, బర్త్ సర్టిఫికెట్. ఇంట్లో కాన్పు అయి, అప్పుడు నమోదు చేయించని వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. హెచ్-4కు ఇది పెద్దగా అడ్డం రాకపోవచ్చు. గ్రీన్ కార్డ్ దగ్గర మాత్రం అడుగుతారు. ఆలస్యపు నమోదుకు అధికారుల ఉత్తర్వు కావాలి, టైం పడుతుంది. నమోదే లేకపోతే లేదని ధ్రువపత్రం తీసుకుని, స్కూల్ రికార్డు లాంటివి జత చేయాలి.

మూడు, జిల్లా పేరు. ఇది మన ప్రాంతానికే ప్రత్యేకం. 1970 ఫిబ్రవరి 2కు ముందు మార్కాపురం, గిద్దలూరు, కంభం కర్నూలు జిల్లాలో ఉండేవి. ఆ తర్వాత ఒంగోలు కేంద్రంగా ఏర్పడిన జిల్లాలోకి వచ్చాయి, అదే ప్రకాశం అయింది. 2025 డిసెంబర్ 31 నుంచి మార్కాపురం జిల్లా వచ్చింది. అంటే ఒకే ఊళ్లో పుట్టిన తాత, తండ్రి, బిడ్డ కాగితాల్లో మూడు జిల్లాలు కనిపించొచ్చు. దీనికి కంగారు పడి పాత కాగితాలు దిద్దించే పని పెట్టుకోకండి. వీసా ఫారంలో పుట్టిన చోటు కింద అడిగేది ఊరు, రాష్ట్రం, దేశం. పాస్‌పోర్టులో ఉన్నదే రాయండి. అడిగితే జిల్లా మారిందని చెప్పండి, అది నిజం కాబట్టి చాలు.

నాలుగు, పెళ్లి రిజిస్ట్రేషన్. 2002 నాటి చట్టం ప్రకారం రాష్ట్రంలో ఇది తప్పనిసరి. ఫంక్షన్ హాల్ ఫొటోలు వంద ఉన్నా సర్టిఫికెట్‌కు ప్రత్యామ్నాయం కాదు.

పెద్దలు కుదిర్చిన పెళ్లిని ఎలా చూస్తారు?

రెండు వారాల సెలవు మీద వచ్చి, పెళ్లి చేసుకుని, అబ్బాయి వెనక్కి వెళ్లిపోతాడు. మనకు ఇది మామూలే. విదేశీ అధికారికి మాత్రం 'ఇద్దరూ కలిసి గడిపిన రోజులు ఎన్ని?' అనే ప్రశ్న ఎదురుగా ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చున్న అధికారులకు పెద్దలు కుదిర్చిన పెళ్లిళ్లు కొత్త కాదు. వాళ్లు వెతికేది ప్రేమకథ కాదు, పొంతన. సంబంధం ఎవరు తెచ్చారు, మొదట ఎప్పుడు మాట్లాడారు, ఆయన ఏ ఊళ్లో ఉంటారు, ఏ పని చేస్తారు.. వీటికి భార్య చెప్పే జవాబు, భర్త ఇచ్చిన కాగితం, సోషల్ మీడియాలో ఉన్నది ఒకదానితో ఒకటి కలవాలి.

ఇక్కడే కొందరు ఏజెంట్లు దెబ్బ తీస్తారు. బట్టీ పట్టించిన జవాబులు చెప్పిస్తారు. పాత నిశ్చితార్థాన్నో, మొదటి పెళ్లినో, గతంలో తిరస్కరించిన వీసానో దాచమంటారు. అబద్ధం బయటపడితే ఆ ఒక్క వీసాతో పోదు. తప్పుడు సమాచారం ఇచ్చారని తేలితే అమెరికా ప్రవేశంపై జీవితకాల నిషేధం పడుతుంది. ప్రత్యేక మినహాయింపు దొరికితే తప్ప అది తొలగదు. వీసా కోసమే చేసుకున్న దొంగ పెళ్లి అని రుజువైతే ఐదేళ్ల దాకా జైలు, రెండున్నర లక్షల డాలర్ల దాకా జరిమానా ఉంటుంది.

వీసా ఉంది కదా.. ఇంకా ఎవరు ఆపుతారు?

వీసా అంటే తలుపు దాకా రావడానికి అనుమతి. తలుపు తీసేది అక్కడి సరిహద్దు అధికారి. అబుదాబి మీదుగా వెళ్లేవాళ్లకు ఆ తలుపు అక్కడే ఎదురవుతుంది. 2014 నుంచి అబుదాబి విమానాశ్రయంలోనే అమెరికా అధికారులు తనిఖీ చేసి పంపిస్తున్నారు.

అక్కడ ఎక్కువమందికి పని నిమిషాల్లో అయిపోతుంది. కొందరిని పక్క గదికి పంపుతారు. దాన్ని సెకండరీ అంటారు. అది అరెస్టు కాదు, శిక్ష కాదు. గంటలు పట్టొచ్చు. ఇంగ్లిష్ అర్థం కాకపోతే తల ఊపకండి, తెలుగు దుబాసీ కావాలని అడగండి. అర్థం కాని ప్రశ్నకు 'ఎస్' అనడం కన్నా ప్రమాదం ఇంకోటి లేదు. అర్థం కాని కాగితం మీద సంతకమూ అంతే. అక్కడికక్కడే బహిష్కరణ ఉత్తర్వు ఇస్తే ఐదేళ్లు తిరిగి వెళ్లలేరు. దరఖాస్తును వెనక్కి తీసుకోనిస్తే ఆ నిషేధం ఉండదు. తేడా తెలుసుకునే సంతకం పెట్టాలి.

ఫోన్ చూస్తారా? చూసే అధికారం ఉంది. కానీ వాట్సాప్‌లో తిరిగే భయం అంత నిజం లేదు. 2024 ఆర్థిక సంవత్సరంలో అక్కడి సరిహద్దులు దాటినవాళ్లు 42 కోట్లకు పైనే, ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల తనిఖీలు దాదాపు 47 వేలు. అంటే సుమారు పది వేల మందిలో ఒకరికి.

భయపడాల్సిన దాని గురించి మాత్రం ఎవరూ చెప్పరు. అదే ఐ-94. ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే తేదీ వీసా మీద కాదు, ఇందులో ఉంటుంది. పాస్‌పోర్టు గడువు ముందే అయిపోతుంటే ఆ తేదీకే కుదించేస్తారు. వీసా ఇంకా ఉంది కదా అనుకుని ఉండిపోతే అక్రమంగా ఉన్నట్టే. దిగిన వారంలోనే ఆన్‌లైన్‌లో చూసుకోవాలి.

లోపలికి వెళ్లాక అసలు కథ

హెచ్-4 మీద వెళ్లిన అమ్మాయి ఎంటెక్ చదివినా వెంటనే ఉద్యోగం చేయలేదు. 2015 మే 26 నుంచి కొందరికి పని అనుమతి ఇస్తున్నారు. భర్త గ్రీన్ కార్డ్ ప్రక్రియ ఒక దశ దాటాలి, లేదా ఆరేళ్లు దాటాక హెచ్-1బీ పొడిగింపు పొంది ఉండాలి. ఇలా అనుమతి తెచ్చుకున్నవాళ్లలో పదికి తొమ్మిది మందికి పైగా భారతీయులే, అందులోనూ అత్యధికులు మహిళలే. ఆ నిబంధనను కొట్టేయాలన్న పిటిషన్‌ను 2025 అక్టోబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు విచారణకు తీసుకోలేదు. అది ఊరట. అదే నెల 30 నుంచి రెన్యువల్ దరఖాస్తుతో వచ్చే ఆటోమేటిక్ పొడిగింపును ప్రభుత్వం ఆపేసింది. ఇది దెబ్బ. కార్డు సమయానికి రాకపోతే చేస్తున్న ఉద్యోగం ఆపాల్సిందే.

సంపాదన లేదు, స్టేటస్ భర్త చేతిలో, పుట్టింటికి వస్తే తిరిగి వెళ్లగలదో లేదో తెలియదు. కాపురం సవ్యంగా ఉంటే ఇదంతా ఓపికతో గడిచిపోతుంది. అందులో హింస ఉంటే మాత్రం ఇదే జైలు. 'నీ వీసా నా చేతిలో ఉంది' అన్న బెదిరింపుకు జవాబు ఉందని అమ్మాయికి తెలియాలి. హింసకు గురైన హెచ్-4 భార్య సొంతంగా పని అనుమతికి దరఖాస్తు చేసుకోవచ్చు. భర్త పౌరుడో, గ్రీన్ కార్డ్ ఉన్నవాడో అయితే అతనితో సంబంధం లేకుండా తానే పిటిషన్ వేసుకోవచ్చు. మన దగ్గర జాతీయ మహిళా కమిషన్‌లో 2009 నుంచి ఎన్ఆర్ఐ సెల్ ఉంది. విదేశాంగ శాఖ 'మదద్' పోర్టల్ ఉంది. ఎన్ఆర్ఐ పెళ్లి 30 రోజుల్లో నమోదు కావాలన్న బిల్లును 2019 ఫిబ్రవరిలో రాజ్యసభలో పెట్టారు కానీ చట్టం కాలేదు. 2024లో లా కమిషన్ తన 287వ నివేదికలో సమగ్ర చట్టం కావాలని మళ్లీ చెప్పింది.

మన దేశమూ తక్కువేం కాదు

మన అబ్బాయిని చేసుకుని ఇక్కడికి వచ్చే విదేశీ కోడలికీ ఇలాంటి మెట్లే ఉన్నాయి. 180 రోజులకు మించిన వీసా మీద వస్తే సాధారణంగా 14 రోజుల్లో ఎఫ్ఆర్ఆర్ఓలో నమోదు చేసుకోవాలి. పెళ్లి రిజిస్టర్ అయి రెండేళ్లు కాపురం నడిచాకే ఓసీఐ కార్డుకు అర్హత. పౌరసత్వానికి ఏడేళ్ల నివాసం. 2025 సెప్టెంబర్ 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ చట్టం కూడా అమల్లోకి వచ్చింది. ఏ దేశమైనా భార్యాభర్తల బంధాన్ని గౌరవిస్తానంటుంది. రుజువు భారం మాత్రం వచ్చేవాళ్ల మీదే పెడుతుంది.

ముహూర్తానికి ముందు నాలుగు ప్రశ్నలు

అబ్బాయి స్టేటస్ ఏంటి, అది ఎప్పటిదాకా ఉంది? గ్రీన్ కార్డ్ ప్రక్రియ మొదలైందా, ఏ దశలో ఉంది? అమ్మాయి ఎప్పటికి ఉద్యోగం చేయగలదు? వీసా ఆలస్యమైతే ఆ ఏడాది ఎవరు ఎక్కడ ఉంటారు?

ఇవి అడిగితే ఏమనుకుంటారో అని ఆగిపోవద్దు. ఇవే ప్రశ్నలు రేపు కౌంటర్ అవతల కూర్చున్న అధికారి అమ్మాయినే అడగొచ్చు. అప్పుడు పక్కన అమ్మానాన్నలు ఉండరు. జవాబు తెలిసి వెళ్లిన అమ్మాయికి ఆ కౌంటర్ ఒక చిన్న ఆగుడు మాత్రమే. తెలియకుండా వెళ్లిన అమ్మాయికి మాత్రం అమ్మిన పొలం, పెట్టిన పెళ్లి ఖర్చు అన్నీ ఆ ఒక్క జవాబు మీద ఆధారపడతాయి.