ఘటోత్కచుడు రెండుసార్లు పెరిగాడు

మొన్న వేసవిలో మామిడి తోట పాకలో, వరిగడ్డిలో మాగేసిన చిన్నరసాల పక్కన కూర్చుని, మనవడికి ఫోనులో 'మాయాబజార్' చూపించాను. ఘటోత్కచుడుగా వేసిన ఎస్వీ రంగారావు 1918 జులై 3న మన నూజివీడులోనే పుట్టాడని గొప్పగా చెప్పాను. సినిమా అయిపోయాక వాడు ఒకటే అడిగాడు: "తర్వాత ఘటోత్కచుడు ఏమయ్యాడు తాతయ్యా?"

1957 మార్చి 27న ఆ సినిమా విడుదలైనప్పటి నుంచీ ఈ ప్రశ్నను మనం పక్కన పెడుతూనే ఉన్నాం. తెలుగువాళ్లకు ఘటోత్కచుడంటే ఆ గద, ఆ నవ్వు, ఆ విందు. మగపెళ్లివారి కోసం సిద్ధం చేసిన వంటల మధ్య నిలబడి ఒళ్లు పెంచుతాడు. లడ్డూలు వాటంతటవే లేచి వచ్చి నోట్లో పడతాయి. మార్కస్ బార్ట్‌లే కెమెరా చేసిన ఆ మాయ ఇప్పటికీ పిల్లల్ని కట్టిపడేస్తుంది.

భారతంలోనూ అతను ఒళ్లు పెంచుతాడు. యుద్ధం పద్నాలుగో నాటి రాత్రి, దివిటీల వెలుగులో, అర్జునుడి కోసం దాచుకున్న ఇంద్రశక్తిని కర్ణుడు అతని మీద విసురుతాడు. చచ్చిపోతూ కూడా కొండంత పెరిగి కౌరవసేన మీద పడతాడు. ఒక అక్షౌహిణి అతని కింద నలిగిపోతుంది. పాండవులు ఏడుస్తుంటే కృష్ణుడు ఆనందం పట్టలేక అర్జునుణ్ణి కౌగిలించుకుంటాడు. ఇతను యజ్ఞాలకు శత్రువు, కర్ణుడు చంపకపోతే నేనే చంపవలసి వచ్చేదని కూడా అంటాడు. ద్రోణపర్వంలో నన్ను ఇంతగా కలచివేసే మాట ఇంకొకటి లేదు.

వీరుడి కథంటే ఇల్లు వదలడం, పరీక్షలు గెలవడం, తిరిగి రావడం అని 1949లో జోసెఫ్ క్యాంప్‌బెల్ సూత్రం కట్టాడు. అర్జునుడికి అది సరిపోతుంది. ఘటోత్కచుడికి తిరుగుదారే లేదు. తలచుకుంటే వస్తానని పుట్టినప్పుడే మాటిచ్చిన కొడుకు అతను. తండ్రులు తలచుకున్నది పని పడ్డప్పుడే.

బలరాముడి కూతురు శశిరేఖ పెళ్లి వ్యాసుడి కథ కాదు, జనం కల్పించుకున్నది. కె.వి. రెడ్డి, పింగళి నాగేంద్రరావు ఆ కథలో ఘటోత్కచుడికి ఒక ఇల్లు కట్టారు. తెలియక అభిమన్యుడితో తలపడ్డవాడు, తమ్ముడని తెలియగానే కరిగిపోతాడు. పినతల్లి సుభద్రకు తన అడవిలో ఆశ్రయమిస్తాడు. శశిరేఖను నిద్రలోనే మంచంతో సహా మోసుకొస్తాడు. పెళ్లి జరిపించి, అందరి మధ్యా నవ్వుతూ నిలబడతాడు. పురాణాన్ని పిల్లల ఆట చేశారనేవాళ్లతో నేను ఏకీభవించను. భారతం అడవి కొడుక్కి ఇవ్వని చోటును ఆ సినిమా ఇచ్చింది. చుట్టాల పంక్తిలో కూర్చోబెట్టింది.

నా బాధల్లా మనం ఆ పంక్తి దగ్గరే ఆగిపోయామని. పోలవరం ముంపుకు ఊళ్లు వదిలిన కోయ, కొండరెడ్డి కుటుంబాలున్న రాష్ట్రం మనది. వాళ్లది గొప్ప త్యాగమని సభల్లో పొగిడినప్పుడల్లా నాకు ఆ రాత్రి కృష్ణుడి ఆనందమే గుర్తొస్తుంది. త్యాగం చేసేవాణ్ణి ముందు అడగాలి కదా! విందులో నవ్విన ఘటోత్కచుణ్ణి ప్రేమించినవాళ్లు యుద్ధంలో కూలిన ఘటోత్కచుణ్ణి కూడా చదవాలి. అప్పుడు ఆ నవ్వు ఎంత విలువైనదో తెలుస్తుంది.

మనవడికి చావు సంగతి దాచలేదు. కృష్ణుడి మాట మాత్రం ఇంకా చెప్పలేదు, పదేళ్లవాడు. ధర్మరాజు ఏడుపు చెప్పాను. గంధమాదనం ఎక్కలేక ద్రౌపది సొమ్మసిల్లితే ఈ బిడ్డే కదా వీపున మోశాడని తలచుకుని ఏడ్చాడని చెప్పాను. వాడు కాసేపు ఊరుకుని, "మంచం మోసినట్టేనా?" అన్నాడు.

అవునన్నాను.