ప్రదర్శనపుటంగడిలో ఇల్లాలు



2023వ సంవత్సరము ఫిబ్రవరి 11వ తేదీని హైదరాబాదులో హుస్సేను సాగరపు టొడ్డున విద్యుచ్ఛక్తితో నడచు కార్ల పందెము జరిగినది. ఫార్ములా-ఇ అను నా పందెము భారతదేశమున జరుగుట అదియే ప్రథమము. ఆ వారముననే హైటెక్సు ప్రాంగణములో విద్యుద్వాహనముల ప్రదర్శనమును జరిగెను. వాహనములు చేయువారు తమ తమ సరకులను బల్లలపై నుంచి, వచ్చినవారికెల్ల వాని గుణములను వివరించుచుండిరి. ఆ దినములలోనే నాంపల్లి మైదానమున నుమాయిషు నడచుచుండెను. అచ్చట చేనేతవారు తమ చీరలను మడత విప్పి చూపుచుండిరి.

కార్ల పందెమునకును మన చీరలకును సంబంధమేమని మీరడుగవచ్చును. సంబంధము కారులో లేదు, చీరలోను లేదు. అంగడిలో నిలుచున్న మనిషియందున్నది. ఆ మనిషి బ్రతుకును గూర్చియే ఈ నెల నాలుగు మాటలు చెప్పదలచితిని.

పందెపు కార్ల సరకులకు ప్రత్యేకమైన వర్తకమొకటి కలదు. అమెరికాలో ఇండియానాపొలిస్ నగరమున ఏటేట డిసెంబరు నెలలో మూడు దినములపాటు ఆ పరిశ్రమవారి ప్రదర్శనము జరుగును. 1988లో పుట్టిన యీ ప్రదర్శనమునకు వేడుక చూడవచ్చు జనులను రానీయరు. ఆ వృత్తిలో నున్నవారికే ప్రవేశము. పెద్ద సంస్థలతోబాటు చిన్న కార్ఖానాల వారును అందు బల్లలు వేసికొందురు. డిసెంబరునందే యేల యనగా, శీతకాలమున నచ్చట పందెములు సన్నగిల్లును. వసంతము రాగానే మరల ఆరంభమగును. ఈ నడుమనే పందెగాండ్రు కార్లు విప్పి, క్రొత్త భాగములు కొని బిగించుకొందురు. మన నుమాయిషును అట్టిదే. జనవరి 1వ తేదీని మొదలై ఫిబ్రవరి నడిమివరకు సాగును. వెనువెంటనే మాఘ ఫాల్గునముల పెండ్లిండ్లు, ఆపై ఉగాది. అమ్మువారి పంచాంగము కొనువారి పంచాంగమును బట్టి నడచునని దీనివలన తెలియుచున్నది గదా!

ఇక నీ అంగడివారి దినచర్య ఎట్టిదో చూడుడు. ఇంటినుండి సరకు మూటలు గట్టి, లెక్క వ్రాసికొని, బండి కెత్తించవలెను. అద్దె చెల్లించి, దీపములు పెట్టించి, బల్లలమీద గుడ్డ పరచవలెను. అటుపిమ్మట గంటల తరబడి కాళ్లమీద నిలువవలెను. ఒకే మాటను దినమునకు నూరు మారులు, నూరవ మారును మొదటి మారువలెనే నవ్వుమొగముతో చెప్పవలెను. పది మంది చూచిన ఒకరు కొందురు. తక్కిన తొమ్మండుగురు మడత చెడగొట్టి పోవుదురు. వారు పోయినపిమ్మట ఆ మడతను మరల పెట్టవలెను. ఇంజనుకు బిగించు మర అమ్మువాడైనను, పట్టుచీర అమ్మునట్టిదైనను, ఇందులో భేదము లేదు.

నుమాయిషు 1938లో పబ్లిక్ గార్డెన్సునందు, ఉస్మానియా విశ్వవిద్యాలయపు పట్టభద్రుల పూనికతో, పది దినముల ప్రదర్శనముగా పుట్టినది. అప్పుడు అంగళ్లు సుమారు నూరు. 1946లో నాంపల్లికి మారినది. ఇప్పుడు నలువదియారు దినములు జరుగుచున్నది; అంగళ్లు రెండు వేలకు మించినవి. దానిని నడుపు ఎగ్జిబిషన్ సొసైటీవారు వచ్చిన యాదాయముతో విద్యాసంస్థలను పోషించుచున్నారు. సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము వానిలో నొకటి. ఒక దినమును స్త్రీలకే ప్రత్యేకించుట అచ్చటి యాచారము. స్త్రీలు కొనవచ్చుటకు ఇంత గౌరవమున్నది, సంతోషమే. స్త్రీలు అమ్మవచ్చుటకు మన యిండ్లలో నెంత గౌరవమున్నది? ఇదియే నా ప్రశ్న.

మన నల్లగొండ, పాలమూరు సీమలు నేతకు పుట్టినిండ్లు. పూర్వపు నల్లగొండ జిల్లాలోని పోచంపల్లి ఇక్కతు నేతకు 2004-05లో భౌగోళిక గుర్తింపు లభించినది. పుట్టపాక నేతపనివారగు గజం గోవర్ధన గారికి 2011లో పద్మశ్రీ బిరుదము వచ్చినది. పూర్వపు మహబూబునగరు జిల్లాలోని గద్వాలలో నూలు చీరకు పట్టు అంచును, పట్టు కొంగును కలిపి నేయుదురు. నారాయణపేటలో గళ్ల చీరలకు గుడి గోపురపు టంచులు తీర్తురు. ఈ చీరల పేళ్లు ఎరుగని ఇల్లాలుండదు. వానిని నేయుటలో స్త్రీల చేయి యెంతయున్నదో ఎరిగినవారు మాత్రము కొలది మందియే.

ఇక్కతు చీర నేయుటకు ముందు నూలును ఆసుపై పోయవలెను. మేకుల చుట్టును పోగును త్రిప్పుచు, ఒక్కొక్క చీరకు చేతిని సుమారు 9,000 మారులు ఆడింపవలెను. తరతరములుగా ఇది ఇంటి యాడవారి పని. భుజము పడిపోవువరకు చేయుదురు. ఆలేరు ప్రాంతమున శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశము గారు తమ తల్లి లక్ష్మమ్మ గారి భుజపు నొప్పి చూడలేక, యేండ్ల తరబడి శ్రమించి, 1999లో ఆసు యంత్రమును నిర్మించిరి. దానికి తల్లిపేరే పెట్టిరి. 2017లో వారికి పద్మశ్రీ వచ్చినది. ఒక కుమారుడు కనులు తెరచి చూచినందున ఆ శ్రమ లోకమునకు తెలిసినది. 2019-20 నాటి చేనేత జనగణనమునందు దేశమున 35 లక్షలకు పైగా చేనేత పనివారు తేలిరి. ఈశాన్య రాష్ట్రములవారే అందు హెచ్చుగా నున్నను, మొత్తముమీద నూటికి 70 మందికి మించి స్త్రీలే. అంగడి ముందునకు వచ్చువారు మాత్రము తరచుగా పురుషులే.

ఒక యేట నుమాయిషునందు నేనొక ఇక్కతు అంగడి ముందు నిలిచియుంటిని. యజమాని బేరమాడుచుండెను, ఆయన భార్య వెనుక కూర్చుండి చీరలు మడతపెట్టుచుండెను. ఒకావిడ వచ్చి, "ఇటువంటిదే బజారులో నాలుగవ వంతు ధరకు దొరకుచున్నది గదా!" అనెను. "ఇది అసలు సరుకమ్మా" అని ఆయన; "అందరు ననునదే అది" అని యావిడ. ఇట్లు రెండు మూడు మారులు జరిగినది. ఆవిడ కదలబోవుచుండగా వెనుకనున్న ఇల్లాలు లేచి వచ్చి, చీరను త్రిప్పి పరచి, "జర ఈ వెనుక దిక్కు చూడుండ్రమ్మా. ముందెట్లున్నదో వెనుక గట్లనే ఉన్నది. అద్దకమైతే వెనుక వెలిసినట్లుంటది. ఈ పూవు అంచు చూడుండ్రి, జర చెదిరినట్లున్నది. పోగు పోగుకు ముడిగట్టి రంగుల ముంచితేనే గట్ల వస్తది. ఆ ముడులు నేనే గట్టిన" అని చెప్పెను. ఆవిడ మారు పలుకక చీర తీసికొనెను. ధర ఒక్క రూపాయి తగ్గలేదు.

ఆ ఇల్లాలు వాక్చాతుర్యము నేర్చినది కాదు. తాను చేసిన పనిని తాను చెప్పినది, అంతే. సరకునకు నోరు లేదు. దానిని చేసినవారి నోరే దాని నోరు. అట్టివారిని వెనుక కూర్చుండబెట్టి మడతలు పెట్టించుట కుటుంబమునకే నష్టము.

ఇక లెక్క. అంగడి అద్దె, దీపములు, బండికూలి, బస, భోజనములు అన్నియు గలిపి నలువదియారు దినములకు 92,000 రూపాయలైనదనుకొందము. దినమునకు 2,000. దినమునకు పది చీరల చొప్పున 460 చీరలమ్మినచో, ఒక్కొక్క చీరపై 200 రూపాయల ఖర్చు పడును. దీనిని ఏ వర్తకుడైనను వ్రాసికొనును. నిలుచున్న ఇల్లాలి కూలియో? దినమునకు 500 చొప్పున 23,000, చీరకు 50. ఈ పంక్తి ఏ ఇంటి లెక్కపుస్తకములోను కానరాదు. లెక్కకెక్కనిది బేరములో మొట్టమొదట పోవును. కొనువారు నూరు తగ్గించుమన్నప్పుడు ఇంటాయన, "పోనిమ్ము, మనకేమి పోయినది?" అని యిచ్చివేయును. పోయినది ఆమె రెండు చీరల కూలి! ఆయన అంగడిలో నిలుచున్నన్నాళ్లు ఇంటివద్ద మగ్గము ఆగిన నష్టమును గూడ వ్రాయవలెను. అన్నియు వ్రాసిన పిమ్మటనే లాభమో నష్టమో తేలును.

మరియొక జాగ్రత్త కలదు. 2019 జనవరి 30వ తేదీ రాత్రి నుమాయిషులో అగ్ని చెలరేగి అనేకమైన అంగళ్లు కాలిపోయినవి. అమ్ముకొన వచ్చినవారెందరో సరకంతయు పోగొట్టుకొనిరి. కావున సరకు పట్టికను రెండు ప్రతులు వ్రాసి, ఒకటి ఇంటియందే యుంచవలెను. భీమా చేయించినచో మరియు మేలు. ఈ పట్టిక వ్రాయుపని ఇల్లాలు చేపట్టిన, ఇంట ఏమున్నదో, ఎంతకు కొన్నదో, ఎంతకమ్మినదో ఆమెకు తెలియును. లెక్క తెలిసినదానిని సలహా అడుగక తప్పదు.

ఇక కొనవచ్చు మనకు రెండు మాటలు. అంగడికి పోయినప్పుడు ధరకంటె ముందు "దీనిని ఎట్లు చేసితిరి?" అని యడుగుడు. చీరను త్రిప్పి వెనుకవైపు చూడుడు. చేనేత ముద్ర యున్నదేమో చూడుడు. ఆ ముద్ర 2006లో వచ్చినది. కొననిచో మడత మన చేతులతోనే సరిపెట్టి యిండు. బేరమాడవలదని నేననను, అది మన పెద్దల నాటి వేడుక. కాని యెవరి కూలి తగ్గించుచున్నామో యెరిగి ఆడుట న్యాయము.

మహబూబునగరు చెంత దివిటిపల్లిలో విద్యుద్వాహనముల బ్యాటరీల కర్మాగారమునకు 2023 మే నెలలో శంకుస్థాపన జరిగినది. రేపు మన పాలమూరు బిడ్డలే కార్ల ప్రదర్శనములలో బల్ల వెనుక నిలువవచ్చును. వారిలో మన కుమార్తెలు నుందురు గాక! ఊరగాయలైనను, కుట్టుపనియైనను, చీరలైనను అమ్మజూపు సోదరీమణులందరును ఒక పని చేయుడు: లెక్కపుస్తకములో నొక క్రొత్త పంక్తి గీసి, దానిపై మీ పేరు వ్రాసి, దాని కెదురుగా మీ దినకూలి వేయుడు. వేసిన పిమ్మట ఆ పుస్తకమును ఇంటివారిచేత చదివింపుడు.