పెద్ద స్విచ్ కాదు, హద్దులు కావాలి
నెట్ మందగించగానే "ఇంకో పెద్ద స్విచ్ కొందాం" అనడం మన ఆఫీసుల్లో అలవాటైపోయింది. రోగమొకటైతే మందొకటి వేస్తున్నామని నా గట్టి అభిప్రాయం. ఈథర్‌నెట్‌లో ఒక కంప్యూటర్ "ఫలానా ఐపీ అడ్రసు ఎవరిది?" అని ఏఆర్‌పీతో అడిగితే, ఆ కేక ఆ నెట్‌వర్కులోని ప్రతి యంత్రానికీ చేరుతుంది. అది ఊరంతటికీ వేసే దండోరా. దండోరా అవసరమే, ఆగకపోతేనే ముప్పు. ఐపీ ప్యాకెట్‌కు టీటీఎల్ రూపంలో ఆయుష్షు రాసి ఉంటుంది. ఈథర్‌నెట్ ఫ్రేముకు అది లేదు, లూపులో పడితే తిరుగుతూనే ఉంటుంది. ఒక కాలేజీ ల్యాబులో వేలాడుతున్న కేబుల్ రెండు కొసలనూ ఎవరో ఒకే స్విచ్‌లో గుచ్చారు. నేను వెళ్లేసరికి పోర్టుల లైట్లన్నీ ఒక్కసారిగా టపటపా కొట్టుకుంటున్నాయి, పింగ్‌కు జవాబు లేదు. ఆ కేబుల్ పీకాకే ల్యాబు ఊపిరి పీల్చుకుంది. లూపులను తెంచే స్పానింగ్ ట్రీని రేడియా పెర్ల్‌మన్ 1985లోనే రూపొందించారు. కానీ అదొక్కటే చాలదు. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకొనెస్ ఆసుపత్రిలో అదుపు లేకుండా పెరిగిన నెట్‌వర్కు ముందు స్పానింగ్ ట్రీ చేతులెత్తేసింది. డాక్టర్లు రోజుల తరబడి కాగితాల మీదే పని నడిపారు. అందుకే దండోరా హద్దు దాటకుండా శాఖకో వీల్యాన్ (విడి నెట్‌వర్కు) కట్టండి, స్పానింగ్ ట్రీ సందేశం వస్తే పోర్టును మూసేసే బీపీడీయూ గార్డ్‌ను డెస్కుల పోర్టులకు పెట్టండి, స్టార్మ్ కంట్రోల్‌తో బ్రాడ్‌కాస్ట్‌కు పరిమితి విధించండి. వీటిలో చాలావరకు మీ దగ్గరున్న మేనేజ్డ్ స్విచ్‌లోనే ఉంటాయి. కావలసింది డబ్బు కాదు, ఒక పూట శ్రద్ధ.